పంక్ తెల్లవాళ్ల సొత్తు కాదు

పంక్ అంటే 1970ల్లో వచ్చిన, వేగంగా, అరుస్తూ పాడే గరుకు రాక్ సంగీతం. అమెరికన్ సంగీతం గురించి మాటలొస్తే చాలామంది ఇలా అంటుంటారు: 'పంక్ తెల్లకుర్రాళ్లు పుట్టించింది. నల్లవాళ్ల దారి సోల్, ఫంక్, హిప్‌హాప్. పంక్‌లో కనిపించే ఒకరిద్దరు నల్లవాళ్లు తర్వాత వచ్చారు, తెల్లవాళ్లను చూసి నేర్చుకున్నారు. అయినా ఆ అరుపుల్లో నల్లవాళ్ల బతుకు ఎక్కడుంది?' సంగీతం బాగా వినేవాళ్లు కూడా ఈ మాట అంటుంటే బాధేస్తుంది. ఇందులో ఒక్క ముక్క కూడా నిలవదు.

ముందు 'తర్వాత వచ్చారు' అన్న మాట చూద్దాం. పంక్‌కు ఆద్యులుగా చాలామంది చెప్పే న్యూయార్క్ తెల్లకుర్రాళ్ల బ్యాండ్ రామోన్స్ తొలి ఆల్బమ్ వచ్చింది 1976లో. ఫిలడెల్ఫియాలో నల్లవాళ్ల బ్యాండ్ 'ప్యూర్ హెల్' 1974లోనే మొదలైంది. డెట్రాయిట్‌లో డేవిడ్, బాబీ, డానిస్ హాక్నీ అనే అన్నదమ్ములు 'డెత్' పేరుతో స్టూడియోలో ఏడు పాటలు రికార్డు చేసింది 1975లో. అంటే తేదీల దగ్గరే ఈ వాదన తేలిపోతోంది.

మరి వాళ్లు ఎందుకు వినపడలేదు? హాక్నీ సోదరుల కథలో జవాబు ఉంది. సోల్ పాటలకు పేరుపడ్డ రికార్డు కంపెనీ మోటౌన్ పుట్టిన ఊరు డెట్రాయిట్. చుట్టుపక్కల నల్లవాళ్ల ఇళ్లలో అందరూ సోల్ పాటలు వింటుంటే, వీళ్లు ఇంట్లో ఒక గదిలో గిటార్ హోరెత్తించేవారు. ఇదేం తెల్లవాళ్ల గోల అని సొంతవాళ్లే ఎగతాళి చేశారు. అటు రికార్డు కంపెనీ బ్యాండ్ పేరు మారిస్తేనే ఒప్పందం అంది. నాన్న పోయాక చావును మంచివైపు నుంచి చూడాలని డేవిడ్ ఎంచుకున్న పేరది. ఆయన మార్చనన్నాడు. 1976లో సొంత ఖర్చుతో ఒక సింగిల్‌ను 500 కాపీలు వేసుకున్నారు, అంతే. డేవిడ్ 2000లో క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ పాటలు ఆల్బమ్‌గా బయటికొచ్చింది 2009లో. ఈ రోజుల్లో వాటిని మొదటిసారి విన్న మనిషికి వీళ్లు ఆలస్యంగా వచ్చినట్టే అనిపిస్తుంది. 34 ఏళ్లు పెట్టెలో పడి ఉన్న టేపులవి!

'చూసి నేర్చుకున్నారు' అనేవాళ్లు 'బ్యాడ్ బ్రెయిన్స్' వినాలి. వాషింగ్టన్‌కు చెందిన ఈ నలుగురు నల్లవాళ్లు అంతకుముందు జాజ్‌ను రాక్‌తో కలిపే కష్టమైన సంగీతం, జాజ్ ఫ్యూజన్ వాయించేవారు. చేతుల్లో అంత పట్టు ఉంది కాబట్టే, 1980లో వచ్చిన వాళ్ల తొలి సింగిల్‌లో ఆ వేగం, ఆ శుభ్రత. ఒక పాట ఊపిరాడనివ్వదు, తర్వాతిది నిదానంగా సాగే జమైకా సంగీతం రెగ్గే. ఆ ఊళ్లో హార్డ్‌కోర్ (ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా సాగే పంక్) బ్యాండ్లు పెట్టిన తెల్లకుర్రాళ్లు తాము నేర్చుకున్నది వీళ్ల దగ్గరేనని స్వయంగా చెప్పుకున్నారు. ఎవరు ఎవరిని చూసి నేర్చుకున్నారో ఇంకా చెప్పాలా?

ఇంకో వైపు నుంచి 'పంక్‌లో జాతి భేదమే లేదు, ఇప్పుడు ఆ గొడవ ఎందుకు' అనేవాళ్లూ ఉన్నారు. అదీ నిజం కాదు. 1979లోనే లెస్టర్ బ్యాంగ్స్ అనే తెల్లజాతి విమర్శకుడు న్యూయార్క్ పంక్‌లో ఉన్న జాత్యహంకారం గురించి పెద్ద వ్యాసం రాశాడు. సరదా పేరుతో తాను వాడిన తిట్లను కూడా అందులో ఒప్పుకున్నాడు. ఈ సంగీతాన్ని ప్రేమించినవాడే రాసిన మాటలవి.

ఇక 'నల్లవాళ్ల బతుకు ఎక్కడుంది' అన్న ప్రశ్న. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. లాస్ ఏంజెలెస్‌లో 'ఫిష్‌బోన్' అనే నల్లవాళ్ల బ్యాండ్ కుర్రాళ్లలో ఎక్కువమందిని, జాతుల వారీగా విడిపోయిన బడులను కలిపే పథకం కింద, దక్షిణాన ఉన్న నల్లవాళ్ల పేటల నుంచి దూరంగా తెల్లవాళ్లు ఎక్కువున్న బడికి బస్సుల్లో పంపేవారు. ఆ బడిలోనే 1979లో బ్యాండ్ పుట్టింది. పంక్, స్కా (జమైకా నుంచే వచ్చిన హుషారు సంగీతం), ఫంక్ అన్నీ ఒకే పాటలో కలిసిపోయే వాళ్ల సంగీతంలో రెండు పేటల మధ్య పెరిగిన పిల్లలు వినిపిస్తారు నాకు. హాక్నీలకు ఇంటి దగ్గర ఎదురైన ఎగతాళి కూడా ఈ బతుకులో భాగమే. తెల్లవాళ్ల మధ్య నల్లవాడివి, నల్లవాళ్ల మధ్య 'తెల్లవాడిలా' ఉన్నావు. ఆ ఇరుకు లోంచి వచ్చిన అరుపును పట్టుకుని అందులో బతుకు లేదంటే ఎలా?

2003లో జేమ్స్ స్పూనర్ ఊరూరా తిరిగి నల్ల పంక్ అభిమానులను మాట్లాడించి 'ఆఫ్రో-పంక్' డాక్యుమెంటరీ తీశాడు. హాలు మొత్తంలో నల్ల ముఖం తనదొక్కటే అయిన రాత్రుల గురించి అందులో వాళ్లు చెబుతారు. 2005లో అదే పేరుతో బ్రూక్లిన్‌లో ఉత్సవం మొదలైంది. అక్కడ వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.