ఆగిన ఇంజిన్, ఆగని సలహాలు

ఇంజిన్ చప్పుడు వినిపిస్తేనే బండి బతికి ఉన్నట్టు అన్నది మా మామయ్యగారి సిద్ధాంతం. ఏళ్ళ తరబడి అంబాసిడర్ నడిపిన మనిషికి ఆ మాత్రం సిద్ధాంతం ఉండడం న్యాయమే గాని, 1997 డిసెంబరులో జపాన్‌లో టయోటా ప్రియస్ అమ్మకానికి వచ్చింది మొదలు, సిగ్నల్ దగ్గర తమంతట తామే ఇంజిన్ ఆపుకొనే హైబ్రిడ్ కార్లు లోకంలో తిరుగుతున్న సంగతి ఆయన దాకా రాలేదు. అలాంటి కారులో ముందు సీటు అలంకరించి ఆయన పంజాగుట్ట కూడలికి వేంచేశారు.

ఎర్రదీపం పడింది, ఇంజిన్ నిశ్శబ్దమైంది. మామయ్యగారు చెవి ఒగ్గి విని, "బాబూ, బండి ఆగిపోయింది" అన్నారు.

ఆగింది ఇంజిన్ మాత్రమేననీ, కదిలేటప్పుడు ముందుగా బ్యాటరీ మీద నడిచే మోటారు చక్రాలను తిప్పుతుందనీ, వేగం పెరిగినప్పుడో ఛార్జి తగ్గినప్పుడో ఇంజిన్ తానే వచ్చి అందుకుంటుందనీ, అందాకా పెట్రోలు చుక్క కూడా ఖర్చు కాదనీ విన్నవించాను. ఏసీ కంప్రెసర్ సైతం ఇంజిన్ బెల్టుతో కాక బ్యాటరీ కరెంటుతోనే తిరుగుతుంది కనుక గాలి చల్లగానే వస్తోంది, చూడమన్నాను.

"అది లోపల మిగిలిపోయిన చల్లదనం" అని తేల్చేసి, నేను వారించేలోగా ఆయన స్టార్ట్ బటన్ నొక్కేశారు.

బండిని ఆపేదీ ఆ బటనే కనుక, అంతవరకు నిక్షేపంగా ఉన్న బండి అప్పుడు నిజంగానే ఆగిపోయింది. పచ్చదీపానికీ అదే ముహూర్తం కుదిరింది. వెనక హారన్లు మొదలయ్యాయి. పక్కనున్న ఆటో అతను తల బయటికి పెట్టి, "సెల్ఫ్ పోయింది సార్, సెకండ్ గేర్ వేసి తోయించండి" అని ఉచిత సలహా పారేశాడు. క్లచ్ పెడలు గాని, విడిగా సెల్ఫ్ మోటారు గాని లేని ఈ కారు విజయవాడ దాకా తోసినా ఆ పద్ధతిలో స్టార్ట్ కాదని చెప్పడానికి నాకు వ్యవధి లేదు. ఎందుకంటే మామయ్యగారు అప్పటికే ఫుట్‌పాత్ మీది ఇద్దరిని కేకేసి బండి వెనక నిలబెట్టారు.

గేరు పార్కింగ్‌లోకి మార్చి, బ్రేకు తొక్కి, మళ్ళీ బటన్ నొక్కాను. 'రెడీ' దీపం వెలిగింది. బ్యాటరీలో ఛార్జి పుష్కలంగా ఉంది కాబట్టి ఇంజిన్ మాత్రం కిక్కురుమనలేదు. గేరు వేసి బ్రేకు వదిలేసరికి కారు చప్పుడు లేకుండా ముందుకు జారింది. వెనకవాళ్ళు అది తమ భుజబలమేనని మురిసిపోతూ ఇంకాస్త ఊపందుకున్నారు. నేను యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఇంజిన్ బుర్రుమని లేచింది. వెనక ఈలలు. మామయ్యగారు కిటికీలోంచి చెయ్యి చాచి వాళ్ళకు అభివాదం చేసి, "తోస్తే గాని అంటుకోలేదు, చూశారా!" అన్నారు.

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజిన్ మళ్ళీ ఆగగానే, ఆయన మారు మాట్లాడకుండా అద్దం దించి, పక్కన బైకు మీదున్న కుర్రాడి భుజాలను అంచనా వేయసాగారు.