కెనడా పతనానికి మన బజ్జీల బండే సాక్షి

కాగితం చేయడానికి వాడే కలప గుజ్జు ఉత్పత్తిలో కెనడా ఎందుకు చతికిలపడింది, బ్రెజిల్ ఎందుకు ఎగబాకింది అని ప్రపంచంలో మేధావులంతా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు గానీ, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరింటికి బజ్జీల బండి ముందు ఓ పది నిమిషాలు నిలబడితే అంతా తేటతెల్లమవుతుంది. నేను నిలబడ్డాను. నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాను కూడా, పరిశోధన కోసమే.

ముందు లెక్కలు. 2000లో కెనడా గుజ్జు ఉత్పత్తి 2 కోట్ల 60 లక్షల టన్నుల దరిదాపుల్లో ఉండేది, బ్రెజిల్‌ది 70 లక్షల పైచిలుకు. అంటే పెద్ద జమీందారు పక్కన పాలికాపు అన్నమాట. 2022కి వచ్చేసరికి పాలికాపు రెండున్నర కోట్ల టన్నులకి చేరాడు, జమీందారు కోటిన్నర చుట్టూ తిరుగుతున్నాడు. గత దశాబ్దం మధ్యలో ఎక్కడో ఇద్దరూ ఒకరి పక్కనుంచి ఒకరు దాటుకుపోయారు, పలకరించుకున్నారో లేదో తెలీదు.

కారణాలు చాలానే చెబుతారు. కెనడా చలిదేశం, అక్కడ చెట్టు కోతకి రావడానికి అరవై డెబ్భై ఏళ్ళు పడుతుంది, అంటే తాత నాటితే మనవడు నరకాలి. పైగా బ్రిటిష్ కొలంబియాలో పైన్ చెట్లని పురుగు తినేసింది. బ్రెజిల్ వాళ్ళు ఆస్ట్రేలియా నుంచి యూకలిప్టస్ తెచ్చి నాటుకున్నారు, అదే మన జామాయిల్, ఏడేళ్ళకే కోత. ఈ ముక్క రణస్థలం వైపు సరుగుడు తోట ఉన్న మా చిన్నాన్నకి గొప్పగా చెప్పాను. ఆయన సరుగుడు నాలుగేళ్ళకే కొట్టించేస్తాడు. "ఏడేళ్ళా! తోటని ఏడేళ్ళుంచితే అప్పులోడు నన్నుంచుతాడేట్రా?" అన్నాడు. బ్రెజిల్ మీద గౌరవం అక్కడే సగం పోయింది.

అసలు సంగతి మాత్రం బజ్జీల దగ్గరే ఉంది. కెనడా గుజ్జులో పెద్ద వాటా న్యూస్‌ప్రింట్‌కి పోయేది, అంటే పేపర్ అచ్చేసే కాగితం, మన దేశం కూడా దిగుమతి చేసుకునేది. ఆ పేపర్ మా వీధిలో ఇంటింటికీ వచ్చేది, పొద్దున వార్తలు, సాయంత్రం బజ్జీలు. ఇప్పుడు మా వీధి మొత్తానికి ఒక్క రిటైర్డ్ మాస్టారు వేయించుకుంటున్నారు, అది కూడా రాశిఫలాల కోసం. నేనూ మానేశాను, ఒప్పుకుంటున్నాను, కెనడా రాజధాని ఒట్టావాకి నా క్షమాపణలు. (తినేవి పేపర్లో చుట్టొద్దని, సిరా మంచిది కాదని, 2016లోనే ఆహార భద్రత సంస్థ చెప్పింది. ఆ హెచ్చరిక కూడా పేపర్లోనే వచ్చింది, దాంట్లోనే బజ్జీలు చుట్టి ఇచ్చారు.)

మరి బ్రెజిల్? జామాయిల్ గుజ్జులో పీచు పొట్టిగా, మెత్తగా ఉంటుంది, టిష్యూ కాగితానికి బాగా పనికొస్తుంది. మన పెళ్ళిళ్ళు చూడండి. ఒకప్పుడు చెయ్యి కడుక్కుని కండువాకి తుడుచుకునేవాళ్ళం, కండువా లేకపోతే పక్కవాడి కండువా ఉండేది. ఇప్పుడు విస్తరి వేయకముందే టిష్యూ వేస్తారు, గులాబ్ జామ్‌కి ఒకటి, పెరుగన్నానికి ఒకటి, వెళ్ళేటప్పుడు జేబులో నాలుగు. బ్రెజిల్ గుజ్జుని అందరికన్నా ఎక్కువ కొనేది చైనా అంటారు గానీ, మా బంధువుల్ని చూశాక నాకు నమ్మకం కుదరట్లేదు.

బండి మామ్మని అడిగాను, పేపర్లో ఎందుకు కట్టట్లేదని. "పాత పేపర్లేవీ బాబూ? ఎవులూ ఏయించుకోట్లేదు" అని బజ్జీలు టిష్యూలో పెట్టి ఇచ్చింది. నూనెకి అది చేతిలోనే కరిగిపోయింది. రెండోది ఇచ్చింది, అదీ అంతే. మూడోది తనే అందించింది. బ్రెజిల్ ఖాతాలో మూడు రాసుకుని చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను.