ఐదు రూపాయల భోజనం: మిగతా డబ్బు ఎవరిది?

మధ్యాహ్నం పన్నెండున్నర. అన్న క్యాంటీన్ ముందు క్యూలో ఆటో డ్రైవర్లు, తాపీ పనివాళ్లు, ఆస్పత్రిలో ఉన్న పేషెంట్ల తాలూకు మనుషులు. ఐదు రూపాయల బిళ్ల ఇస్తే టోకెన్, టోకెన్ ఇస్తే అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు. ఐదు రూపాయలకు ఇవన్నీ రావని తినేవాళ్లకూ తెలుసు.

2024 ఆగస్టు 15న గుడివాడలో ఈ క్యాంటీన్లు మళ్లీ మొదలైనప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క: మూడు పూటలకు మనిషికి రూ.90 ఖర్చు. తినేవాళ్లు ఇచ్చేది రూ.15. మిగతా రూ.75 ఖజానా, దాతలు కలిసి భరించాలి. వండి పంపేది హరే కృష్ణ మూవ్‌మెంట్ ఛారిటబుల్ ఫౌండేషన్. హైదరాబాద్‌లో 2014 నుంచి నడుస్తున్న ఐదు రూపాయల భోజనమూ ఇంచుమించు ఇదే పద్ధతి. అక్కడ మిగతా ఖర్చు జీహెచ్‌ఎంసీది.

పెద్ద వంటశాల నడపడం, వేల మందికి వేళకు వేడిగా అందించడం మున్సిపల్ ఆఫీసు వల్ల అయ్యే పని కాదు. స్వచ్ఛంద సంస్థ అసలు విలువ అక్కడే. (సంస్థ ఆహార నియమాలూ వెంట వస్తాయనుకోండి. ఉల్లి, వెల్లుల్లి లేని బడి భోజనం మీద కర్ణాటకలో దాన్ని వండి పంపే అక్షయపాత్ర సంస్థ చుట్టూ పెద్ద రగడే నడిచింది.) విరాళాల సంగతి వేరు. పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు, పెద్దల ఆబ్దికానికి డబ్బు వస్తుంది. ఏ విశేషమూ లేని ముసురు రోజున కూడా ఆకలేస్తుంది కదా.

రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలైంది సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు చొరవతో. 2009 జనవరిలో సత్యం కుప్పకూలింది. బండ్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. అప్పటికే నడిపే ఖర్చులో దాదాపు 95 శాతం ప్రభుత్వం ఇస్తోంది, తర్వాత జీవీకే గ్రూపు వచ్చి నిర్వహణ అందుకుంది. 2018లో మొదలైన అన్న క్యాంటీన్ల కథ దీనికి సరిగ్గా వ్యతిరేకం. 2019లో ప్రభుత్వం మారింది, క్యాంటీన్లకు తాళాలు పడ్డాయి. వండిపెట్టే సంస్థకు ఏమీ కాలేదు, దాతలు ఎక్కడికీ పోలేదు.

అంటే దాత పడిపోయినా సేవ బతికింది, ఖజానా చెయ్యి తీసేస్తే ఆగిపోయింది. అందుకే భాగస్వామ్యం అనగానే సగం బరువు ఎవరో మోస్తున్నారన్న భ్రమ నాకు నచ్చదు. బిల్లు ఆలస్యమైతే ముందు ఆగేది కింది సిబ్బంది జీతం. జీతాల కోసం 108 సిబ్బంది రోడ్డెక్కడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం.

ఏటా బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలి, ప్రభుత్వం మారినా చెల్లేలా ఒప్పందం ఉండాలి. విరాళం వస్తే అదనపు కూరకో కొత్త క్యాంటీన్‌కో వాడుకోవచ్చు, రోజువారీ బియ్యం దాని మీద ఆధారపడకూడదు. ధరల బోర్డు పక్కనే ఇంకో బోర్డు కూడా పెట్టాలి: ఈ నెల ఖజానా ఇచ్చింది ఎంత, దాతలు ఇచ్చింది ఎంత, వంట సంస్థకు ఎన్ని రోజుల బిల్లు బాకీ.