ముందు దారి, ఆ తర్వాత ఇల్లు

భోగాపురం వద్ద దాదాపు 2,200 ఎకరాల్లో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం తలపెట్టిన నాటి నుంచి విశాఖపట్నం ఉత్తర దిక్కుగా పెరుగుతోంది. మధురవాడ, ఆనందపురం, తగరపువలస మీదుగా జాతీయ రహదారి పొడవునా లేఅవుట్ల సరిహద్దు రాళ్లు పాతుకుపోయాయి. తొలి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయేలా రూపొందించిన ఈ విమానాశ్రయం ఉన్నది విజయనగరం జిల్లాలో. దానికోసం ఊళ్లు వదిలి వెళ్లినవారు మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట వాసులు. అయినా దాని చుట్టూ అల్లుతున్న రవాణా ప్రణాళికల్లో విజయనగరానికి చోటు ఎక్కడని వెదకవలసి వస్తోంది. విశాఖ మెట్రో తొలి దశ 46.23 కిలోమీటర్లు, ఉత్తరాన కొమ్మాది దగ్గర ఆగుతుంది. మలి దశలో అక్కడి నుంచి భోగాపురం దాకా మరో 30.67 కిలోమీటర్లు ప్రతిపాదించారు. భోగాపురం నుంచి జిల్లా కేంద్రం వరకు మిగిలిన పాతిక కిలోమీటర్ల సంగతి అందులో లేదు.

విమానాశ్రయానికి దారి వేయాలన్నది ఒక్కటే మా పట్టు కాదు. విజయనగరం నుంచి విమానం ఎక్కేవారికంటే పొద్దున్నే విశాఖ వెళ్లి రాత్రికి ఇల్లు చేరే గుమస్తాలు, నర్సులు, విద్యార్థులు, దుకాణాల్లో పనిచేసేవారు ఎన్నో రెట్లు ఎక్కువ. కొత్తవలస మీదుగా నడిచే పాసింజర్ బండ్లు, ఆర్టీసీ బస్సులే వారికి దిక్కు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి వద్ద ప్రమాదానికి గురైన పలాస, రాయగడ బండ్లలో ఉన్నదీ ఇలాంటి సామాన్య ప్రయాణికులే. హౌరా–చెన్నై ప్రధాన మార్గం, రాయ్‌పూర్ మార్గం కలిసే జంక్షన్ మన ఊళ్లోనే ఉంది. పట్టాలు పడి శతాబ్దం దాటింది. వేల కోట్ల మెట్రో కోసం ఎదురుచూసే కంటే, ఉదయం సాయంత్రం రద్దీ వేళల్లో విజయనగరం–విశాఖ మధ్య అరగంటకో మెమూ (తక్కువ దూరాల మధ్య నడిచే విద్యుత్ రైలు) నడిపించడమే ఈ ప్రాంతానికి తక్షణం దక్కవలసిన న్యాయం.

ఇళ్లకూ దారులకూ ముడి తెగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి విజయనగరం శివార్లలో పేదల ఇళ్ల కోసం వేసిన గుంకలాం లేఅవుట్ చాలు. 2020 డిసెంబరు 30న ప్రారంభించిన ఆ లేఅవుట్‌లో 397 ఎకరాల్లో 12,301 ప్లాట్లు వేశారు. దాన్ని కాలనీ అనడం కంటే పట్టణం అనడమే సబబు. ఇల్లు లేని పేదకు సొంత పట్టా దక్కడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ నాటి ‘పేదలందరికీ ఇళ్లు’ పథకం కింద పట్టణ పేదకు నిర్ణయించినది సెంటు స్థలం, అంటే 48.4 చదరపు గజాలు. అందులో ఇల్లు కట్టుకున్న తాపీ మేస్త్రి తెల్లారగానే నగరంలోని కూలీల అడ్డాకు చేరకపోతే ఆ రోజు పని పోయినట్టే. నాలుగిళ్లలో పనిచేసే అతని భార్య అంతకు ముందే బయలుదేరాలి. వేళకు బస్సు లేకపోతే షేర్ ఆటోయే గతి. ఇద్దరి రానుపోను చార్జీలు, పిల్లల బడి ఖర్చు కలిపితే అద్దె మిగిలిందన్న సంతోషం నెల తిరిగేసరికి కరిగిపోతుంది. ఇంటికి కేటాయించే నిధుల లెక్కలో బస్సుకు ఒక్క రూపాయి కూడా రాయకపోవడమే ఈ లోపానికి మూలం.

నగరం బయటికి పరచుకుంటున్న కొద్దీ నడిబొడ్డు నీరసించిపోవడం మరో ప్రమాదం. 1888లో పురపాలక సంఘమైన విజయనగరంలో 2011 నాటికే 2.28 లక్షల జనాభా ఉంది. గంటస్తంభం, మూడులాంతర్లు, కోట చుట్టూ ఉన్న వీధులు మాత్రం బండ్లు, గుర్రపు జట్కాల కాలంలో వేసినవి. సిరిమానోత్సవం నాడు పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా వాహనాలన్నీ ఆపేస్తారు, లక్షలాది జనం ఆ దారిలో నిలబడతారు. ఏడాదిలో ఒక రోజు సాధ్యమైనది, వ్యాపారులతో మాట్లాడి, చుట్టుపక్కల పార్కింగ్ చూపించి, మిగతా రోజుల్లో కొన్ని గంటలపాటైనా ఎందుకు సాధ్యం కాదు? అమ్మవారి తెప్పోత్సవం జరిగే పెద్దచెరువులోకి మురుగు రాకుండా కాలువలు మళ్లించడం, పాత ఇళ్లను కూల్చకుండా బాగుచేసుకునేవారికి పన్ను రాయితీ ఇవ్వడం కార్పొరేషన్ చేతిలో ఉన్న పనులే.

పాత పరిశ్రమల స్థలాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. జూట్ మిల్లుల మీద బతికిన ప్రాంతం మనది. 2009లో మూతబడిన చిట్టివలస మిల్లు ఉన్నది సరిగ్గా విశాఖ–భోగాపురం దారిలో. ముంబయిలో 1991 నిబంధనల ప్రకారం మిల్లు భూముల్లో మూడో వంతు ఖాళీ స్థలాలకు, మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి దక్కవలసి ఉండగా, 2001 సవరణ ఆ లెక్కను మిల్లులో కట్టడాలు లేని జాగాకే కుదించింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. భూమి ధర పెరిగాక నిబంధన రాయబోతే అది ఎవరి పక్షాన తిరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఆ భూముల్లో కార్మికుల కుటుంబాలకూ, అద్దె ఇళ్లకూ దక్కవలసిన వాటా ఎంతో ఇప్పుడే తేల్చి రాసుకోవాలి.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు అహ్మదాబాద్‌లో ఒక దారి దొరుకుతుంది. గుజరాత్ 1976 పట్టణ ప్రణాళిక చట్టం కింద రైతుల భూములను కలిపి, రోడ్లు, పార్కులు తీసి, సదుపాయాలున్న ప్లాట్లను తిరిగి వారికే ఇస్తారు. బలహీన వర్గాల ఇళ్లకు పది శాతం దాకా అట్టిపెట్టే వీలుంది. మరికొంత అమ్మి ఆ సొమ్ముతో పనులు చేస్తారు. ఆ నగరం చుట్టూ 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకు స్థలం చాలామేరకు అలా సమకూరినదే. రైతు ఒప్పుకోలు, వాటాల్లో పారదర్శకత లేకపోతే ఆ పద్ధతీ చెడుతుంది. ఆ జాగ్రత్తలతో నాతవలస–విజయనగరం రోడ్డు వెంట దాన్ని అమలు చేయవచ్చు.

2041 వరకు బృహత్ ప్రణాళిక గీసిన విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) దాన్ని సవరించేటప్పుడు విజయనగరానికి విడిగా రవాణా అధ్యాయం చేర్చాలి. బస్సు వేళలు, బస్‌స్టాపు, నీటి కనెక్షన్ ఖాయం కాని ఏ లేఅవుట్‌కూ, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, అనుమతి ఇవ్వరాదన్న షరతును అందులో రాయాలి. ఈలోగా గుంకలాం నుంచి ఆర్టీసీ బస్ కాంప్లెక్స్ మీదుగా రైల్వే స్టేషన్ వరకు తెల్లవారుజాము నుంచే సిటీ బస్సులు నడిపే బాధ్యతను ఆర్టీసీ, కార్పొరేషన్ కలిసి తీసుకోవాలి, అందుకు అయ్యే నష్టాన్ని గృహనిర్మాణ శాఖ భరించాలి.