ఎక్స్‌పోర్ట్ నొక్కగానే పనైపోదు

మార్చి నెలాఖరు వచ్చిందంటే ఎంఐఎస్ పని, అంటే కంపెనీ లెక్కల రిపోర్టులు తయారుచేసే పని, చేసే మా బోటివాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. డాష్‌బోర్డు (లెక్కలను టేబుళ్ళు, చార్టులుగా చూపే పేజీ) నుంచి డేటాను ఫైలుగా దింపుకోవడం, అంటే ఎక్స్‌పోర్ట్ గురించి. సారాంశం ఇదీ: "డాష్‌బోర్డులో ఎక్స్‌పోర్ట్ నొక్కండి చాలు, స్క్రీన్ మీద ఉన్నదంతా ఫైల్లోకి దిగుతుంది. సీఎస్‌వీ అయినా ఎక్సెల్ అయినా ఒకటే. తేడా ఉంటే సిస్టమే చెబుతుంది. ఎక్స్‌పోర్ట్ అనుమతి అందరికీ ఇచ్చేస్తే ఐటీ వాళ్ళ చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది."

"తేడా ఉంటే సిస్టమే చెబుతుంది" అన్నదాన్ని ముందు చూద్దాం. మిగతా నమ్మకాలన్నీ దీని మీదే నిలబడ్డాయి.

2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు ఇంగ్లండులో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. ల్యాబుల నుంచి వచ్చిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన అక్షరాల) ఫైళ్ళను అక్కడి ప్రజారోగ్య సంస్థ ఎక్సెల్ పాత ఫార్మాట్ అయిన ఎక్స్‌ఎల్‌ఎస్‌లోకి ఎక్కించేది. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. ఒక్కో కేసుకు చాలా వరుసలు పట్టడంతో సుమారు 1,400 కేసులకే షీటు నిండిపోయింది. ఆపైవి రాలిపోయాయి, వారం దాకా ఎవరికీ తెలియలేదు. ఆ కేసులవాళ్ళు ఎవరెవరిని కలిశారో ఆరా తీయడం అన్ని రోజులు ఆలస్యమైంది.

కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576 వరుసలు పడతాయి కదా, ఇంకేం భయం అంటారు. ఎక్సెల్ పరిమితి కంటే ముందే అప్లికేషన్ సొంత పరిమితి అడ్డం పడుతుంది. డాష్‌బోర్డులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐనే తీసుకోండి. ఒక విజువల్ (టేబుల్ లేదా చార్టు) నుంచి సాధారణంగా సీఎస్‌వీగా 30,000, ఎక్సెల్‌గా 1,50,000 వరుసలకు మించి దిగవు. స్క్రీన్ మీద టేబుల్ అడుగున ఉండే మొత్తం మాత్రం పూర్తి డేటాదే. ఫైల్లో కూడితే అంతకంటే తక్కువ వస్తుంది, ఇక ఎవరి లెక్క తప్పని మీటింగులో గొడవ. నాకొక అలవాటుంది: ఫైలు దిగగానే కంట్రోల్ నొక్కిపెట్టి కింది బాణం నొక్కి, చివరి వరుస నంబరు చూస్తాను. శీర్షిక వరుస తీసేస్తే గుండ్రటి అంకె మిగిలిందా, అనుమానించాల్సిందే. వ్యాపారం ఎప్పుడూ గుండ్రటి అంకె దగ్గర ఆగదు.

ఎక్సెల్ అసలేమీ చెప్పదని కాదు. మరీ పెద్ద సీఎస్‌వీ తెరిస్తే ఫైలు పూర్తిగా లోడ్ కాలేదని చిన్న పెట్టె చూపిస్తుంది. దాన్ని చదవకుండా ఓకే నొక్కేది మనమే.

ఇక "సీఎస్‌వీ, ఎక్సెల్ ఒకటే" అన్న మాట. డబుల్ క్లిక్ చేస్తే రెండూ ఎక్సెల్లోనే తెరుచుకుంటాయి కాబట్టి ఈ భ్రమ సహజం. సీఎస్‌వీలో ఉండేది కామాలతో విడదీసిన ఉత్త అక్షరాలు. ఏ కాలమ్ నంబరో, ఏది తేదీయో అందులో రాసి ఉండదు. ఎక్సెల్ ఊహిస్తుంది, ఆ ఊహ మన కొంప ముంచుతుంది. హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040 కాస్తా 40 అవుతుంది. 12 అంకెల ఆధార్ నంబరు 1.23457E+11 లాగా కనిపిస్తుంది. లోపల అంకెలు అప్పటికి భద్రంగానే ఉంటాయి, కానీ ఆ ఫైల్నే మళ్ళీ సీఎస్‌వీగా సేవ్ చేశారా, కనిపిస్తున్న ఆ పొట్టి రూపమే ఫైల్లోకి ఎక్కుతుంది. 16 అంకెల కార్డు నంబరుకైతే తెరవగానే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది మరి.

తేదీల సంగతి ఇంకా చెడ్డది. మీ కంప్యూటర్ ప్రాంతం అమెరికాకు సెట్ అయి ఉంటే 03/04/2024, అంటే మన ఏప్రిల్ 3, మార్చి 4గా మారుతుంది. 13/04/2024 మాత్రం తేదీగా మారలేక ఎడమవైపు అక్షరాల్లాగా నిలబడిపోతుంది. అంటే నెలలో మొదటి పన్నెండు రోజులూ తారుమారు, మిగతావి అసలు తేదీలే కావు. (జన్యు శాస్త్రవేత్తలకూ ఇదే బాధ. కొన్ని జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మారుస్తోందని 2020లో ఆ పేర్లనే మార్చుకున్నారు.)

తెలుగు పేర్లుంటే మరో తంటా. యూటీఎఫ్-8లో (తెలుగు లాంటి లిపులను ఫైల్లో దాచే పద్ధతి) దిగిన సీఎస్‌వీ ముందు బామ్ అనే గుర్తు లేకపోతే, ఎక్సెల్ తెలుగును పిచ్చి గుర్తులుగా చూపించొచ్చు. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో ఆ గుర్తు పెట్టే ఆప్షన్ ఉంటే టిక్ పెట్టండి. లేకపోతే ఫైల్ని డబుల్ క్లిక్ చేయకుండా, ఎక్సెల్ డేటా ట్యాబ్‌లో టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తీసుకుని, నంబర్ల కాలమ్‌లను టెక్స్ట్‌గా మార్చాక లోడ్ చేయండి. తేదీలను 2024-04-03 పద్ధతిలో దింపుకుంటే సగం టెన్షన్ పోతుంది.

"స్క్రీన్ మీద ఉన్నదంతా" అన్నదానికి ఒక్క లెక్క చాలు. ఒక షాపులో 10 బిల్లులు, సగటు 900 రూపాయలు. ఇంకో షాపులో 90 బిల్లులు, సగటు 300. పవర్ బీఐలో సంగ్రహ డేటా (సమ్మరైజ్డ్ డేటా) ఎంచుకుని దింపితే ఫైల్లోకి ఈ సగటులే వస్తాయి. వాటికి మళ్ళీ సగటు తీస్తే 600, అసలు సగటు 360. బిల్లుల స్థాయి వరుసలు కావాలంటే అంతర్లీన డేటా (అండర్లయింగ్ డేటా) ఎంచుకోవాలి, దానికి రిపోర్టు తయారుచేసినవాళ్ళు అనుమతి ఇచ్చి ఉండాలి.

చివరిది, అందరికీ అనుమతి. డాష్‌బోర్డులో ఎవరికి ఏ వరుసలు కనిపించాలో అడ్మిన్ కట్టడి చేయగలడు. ఫైలు దిగాక ఆ కట్టడి ఉండదు. ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ నుంచి డేటాను ఎక్సెల్‌గా దింపి, వేరే షీట్లలో లెక్కలు వేసి, పనయ్యాక ఆ షీట్లు తీసేసింది. అసలు డేటా ఉన్న షీటు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. 2023 ఆగస్టు 8న, ఒక సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా ఆ ఫైలు ఇంటర్నెట్‌లోకి వెళ్ళింది. 9,483 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు బయటపడ్డాయి. పోలీసులే బెదిరింపుల మధ్య బతికే ప్రాంతమది. మరుసటి ఏడాది ఆ శాఖకు 7,50,000 పౌండ్ల జరిమానా పడింది.

ఐటీ వాళ్ళ చుట్టూ తిరగడం నరకమన్న మాటతో మాత్రం నాకు పేచీ లేదు. అందుకే తిరిగేదేదో ఒక్కసారే తిరగమంటాను. కావలసిన కాలమ్‌లు, తేదీల పద్ధతి, ఫైలు రకం, వరుసల పరిమితి రాసిచ్చి, ప్రతి సోమవారం పొద్దున ఆ ఫైలు దానంతటదే వచ్చేలా షెడ్యూల్ పెట్టించుకోండి.