మెరీనాలో పక్క పడవను మించిన నిబంధన లేదు

సొంత పడవలను అద్దె చెల్లించి కట్టి ఉంచుకునే రేవులైన మెరీనాల్లో పడవల నిర్వహణ గురించి మాట ఎత్తితే చాలు, చర్చ నిబంధనల పుస్తకం దగ్గర మొదలై జరిమానాల దగ్గర ఆగిపోతుంది. నిజానికి ఒక యజమాని తన పడవను ఎలా చూసుకుంటాడన్నది, ఒప్పందపత్రం కన్నా ఎక్కువగా, పక్క బెర్త్‌లో, అంటే పక్క పడవ కట్టే చోట, ఎవరున్నారన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. పక్కాయన తన మోకు పడవ అంచుకు ఒరుసుకునే చోట రబ్బరు గొట్టం తొడుగుతుంటే, పీచులు లేచిన సొంత మోకు వైపు చూడకుండా ఉండగలిగేవారు తక్కువ. అదే పక్కనున్న పడవ అడుగున నాచు గడ్డంలా వేలాడుతూ ఏడాదిగా కదలకపోతే, మనది ఇంకా నయమేనన్న సంతృప్తి కూడా అంతే సులువుగా అంటుకుంటుంది.

ఇందులో సిగ్గూ పోటీ మాత్రమే లేవు, విద్యుత్తు కూడా ఉంది. ఒడ్డు నుంచి కరెంటు తీసుకునే పడవలను ఎర్త్ తీగ ఒకదానితో ఒకటి కలిపేస్తుంది. ఒక పడవకు కంచు ప్రొపెల్లర్, మరొకదానికి ప్రొపెల్లర్‌ను తిప్పే అల్యూమినియం డ్రైవ్, చుట్టూ ఉప్పునీరు, మధ్యలో ఆ తీగ: బ్యాటరీ తయారవడానికి ఇంకేం కావాలి? ఆ ప్రవాహం తినేయకుండా లోహాన్ని కాపాడేందుకు బిగించే జింక్ ముక్కలు తామే ముందు కరిగిపోతాయి కనుక, సగం అరిగేసరికి వాటిని మార్చాలన్నది వాడుకలో ఉన్న లెక్క. పొరుగాయన ఆ పని మరిచిపోతే మీ జింక్ ఆయన ప్రొపెల్లర్‌ను కూడా కాపాడే పనిలో పడి గడువుకు ముందే హరించుకుపోతుంది, ఆ తరువాత మీ అల్యూమినియం వంతు వస్తుంది. ఎర్త్ తీగకు బిగించే గాల్వానిక్ ఐసొలేటర్ ఈ స్వల్ప ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. అయితే అలాంటి పరికరం ఒకటుందని చాలామందికి తెలిసేది పొరుగు పడవలో చూశాకే.

ఒకరిని చూసి ఒకరు చేసే పని తప్పుదారి పట్టదా అని అడిగేవారున్నారు. పట్టవచ్చు. ట్రైబ్యూటైల్ టిన్ అనే విషపదార్థం కలిపిన రంగు పడవ అడుగును శుభ్రంగా ఉంచేది కానీ ఆల్చిప్పల పెంపకాన్ని దెబ్బతీసింది. 25 మీటర్ల లోపు పడవలపై ఫ్రాన్స్ 1982లో దాన్ని నిషేధించాల్సి వచ్చింది, ఇలాంటి రంగులపై అంతర్జాతీయ ఒడంబడిక 2008లో గానీ అమల్లోకి రాలేదు. నీటిలో కరిగిన విషం పొరుగువాడి కంటికి ఆనదు కాబట్టి అక్కడ చట్టమే దిక్కు. కానీ రంగు డబ్బాను ఆపగలిగిన చట్టం ప్రతి మోకునూ తడిమి చూడలేదు.

అసలు జబ్బు, కనబడని యజమానే. ఆస్తి ఒకచోట, మనిషి మరొకచోట, మధ్యలో నెలవారీ బిల్లు ఉన్న ప్రతి వ్యవస్థా ఇలాగే పాడవుతుంది. ఒడ్డు కరెంటు తెగితే, పడవ అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ పంపు బ్యాటరీ ఉన్నంతవరకే నడుస్తుంది. పడవ నాలుగు వేళ్లు కిందికి దిగిందని మొదట పసిగట్టేది పక్కవాడే. అలాంటి పడవలను కంటికి ఆనని చివరి వరుసకు నెట్టడం, ఖాళీని బట్టి బెర్త్‌లు మారుస్తూ పొరుగును చెదరగొట్టడం యాజమాన్యాలు మానుకోవాలి. రాని యజమాని పడవను తరచూ వచ్చేవారి మధ్యే కట్టించాలి, వారి ఫోన్ నంబర్లు అతనికీ అతనిది వారికీ బెర్త్ కేటాయించిన రోజే ఇవ్వాలి.