పిల్లల్ని నాలా వెంట నడిపించండి చాలు

భూగోళం పాఠంతోనే పిల్లలకు సుస్థిరత, పౌర బాధ్యత నేర్పొచ్చని ఒక వ్యాసంలో రాశారు, ఒప్పుకుంటాను, కానీ పోస్టర్లు గీయించి, ప్రతిజ్ఞ చేయించి ఫొటో దిగితే వచ్చేది కాదది. నేను హన్మకొండ దగ్గర సాంఘికం చెప్తాను. మనకు పాఠం ఊళ్లోనే ఉంది కదా. కాకతీయులు 13వ శతాబ్దంలో కట్టిన పాకాల చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది, పైచెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోయేలా గొలుసుకట్టుగా కట్టారు, సుస్థిరత అంటే ఏంటో ఇంతకన్నా ఎలా చెప్పాలి! 2020 ఆగస్టులో మన కాలనీలు ఎందుకు మునిగాయో కూడా ఆ గొలుసు ఎక్కడ తెగిందో చూస్తేనే అర్థమవుతుంది.

ఓసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లి చెరువు కట్ట, తూము, మత్తడి చూపించి, అక్కడి నుంచి నాలా (వాన నీళ్లు పోయే కాలువ) వెంట నడిపించాను. ఎక్కడ ఇరుకైందో, ఎక్కడ చెత్త నిండిందో వాళ్లే మ్యాప్ గీశారు. (సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారని హెడ్‌మాస్టర్ గారు అడిగారు, అది వేరే కథ.) ఆ మ్యాప్ జతచేసి ఒక ఆఫీసుకు అర్జీ పెట్టారు, నెలలైనా జవాబు లేదు, అప్పుడు సమాచార హక్కు చట్టం గురించి చెప్తే పరీక్షలో రాదన్నా శ్రద్ధగా విన్నారు. అయితే ఒక పిల్ల మాత్రం క్లాసు అయ్యాక మెల్లగా వచ్చి, "సార్, మ్యాప్‌లో నాలా మీద గీసిన ఇల్లు మాదే" అంది. దానికి ఏం చెప్పాలో వ్యాసంలోనూ లేదు, నాకూ తోచలేదు.